రంది ఎక్కడ దిగుతది

పొద్దుగాల మూడున్నరకు
అలారం కంటె ముందే లేస్తది నా గుండె.
గోడ మీద బల్లి సుత కదలదు,
నా లోపల మాత్రం
గేరు పడని బండి గుర్రుమంటది.

ఏం భయమే అంటే చెప్పరాదు.
చిల్లర తక్కువ పడుతదని,
చెకింగోళ్లు గుడెప్పాడ్ కాడ ఆపుతరని,
పిల్లకు లెక్కల పరీక్షని,
గ్యాసు బంద్ చేసిన్నో లేదోనని.
ఆ చీకట్ల అన్నీ ఒక్క సైజులనే కనిపిస్తయి,
చీమ సుత, ఏనుగు సుత.

పోయిన శ్రావణంల ఎంజీఎంకు పోయిన.
గుండె గీతల కాయితం చూసి డాక్టరమ్మ
"అంత మంచిగనే ఉందమ్మా" అన్నది.
సంబురపడాలె గద,
బయట మెట్ల మీద కూసోని ఏడ్చిన.
రోగం కాదంటే
దీన్ని ఏమని పిలువాలె?

కొత్తవాడల మా పక్కింటి శకుంతలక్క
జంపఖానా మగ్గం మీదికెళ్లి తల ఎత్తకుండనే
పేరు చెప్పింది.
"రంది.
వస్తే రానీ. కొట్లాడకు, బతిమాలకు.
ఇగో, ఈ చప్పుడుకు ఊపిరి కలుపు.
దారం పోయేటప్పుడు లోపలికి,
పంజా కొట్టేటప్పుడు బయటికి.
బయటికి పోయేది జర పొడుగుండాలె."
ఎర్ర దారం, నల్ల దారం,
నా ఊపిరి ఒక జానెడు
ఆ జంపఖానాల ఏడనో కలిసిపోయే ఉంటది.
ఎవరింట్ల పరుచుకున్నరో.

అప్పటికెళ్లి రందిని నా బస్సెక్కించుకుంటున్న.
ఆడమనిషే అనుకుంట, జీరో టికెట్ కొడుత.
ఆధార్ అడిగితే చూపియ్యదు.
"ఎక్కడ దిగుతవే?" అంట.
ఆరెపల్లి. దిగదు.
ఓగ్లాపూర్. దిగదు.
దామెర క్రాసు కాడ
మిరపకాయ బస్తాలోళ్లు ఎక్కుతరు, అందరం తుమ్ముతం,
గా గడబిడల అది ఏ సీట్ల ఉందో మర్చిపోత.

మూడో చాయ్ మానేసిన.
నోటికి తియ్యగుంటది గని గుండెను ఉరికిస్తది.
సీసల అంబలి, పక్కన ఉల్లిగడ్డ.
డ్రైవర్ కొమురెల్లి నవ్వుతడు,
"మా తాత తిండి తింటున్నవేందక్కా" అని.
నవ్వినా సరే,
వారం తిరగంగనే తనూ ఒక సీస తెచ్చుకున్నడు.

ఒకనాడు రేగొండ దాటినంక
టికెట్ మిషన్ పట్టుకున్న చెయ్యి వణికింది.
అంకెలు ఈతకొడుతున్నయి.
ముందు సీట్ల దుర్గం పోశం,
ముప్పై రెండేండ్లు బొగ్గుబాయిల చేసినోడు, చూసిండు.
ఏమైందని అడగలే.
కిటికీ దిక్కే చూసుకుంట అన్నడు:
"బాయిల ఒకపారి నా లైటు ఆరింది బిడ్డా.
ఉరికితే గోడలు తగులుతయి.
కూసున్న. అరచెయ్యి గోడకు ఆనిచ్చిన.
సల్లగుంది. గోడనే అని తెలిసింది.
ఇంకో లైటు వచ్చేదాక
గోడ గోడ లెక్కనే ఉన్నది,
నేను నా లెక్కనే ఉన్న."
గంతే.
మళ్ల కునుకు తీసిండు.
భూపాలపల్లిల నేనే లేపిన.

బస్సుల గోడ ఏడిది?
ఇనుప కడ్డీ ఉన్నది.
ఎండకాలం కాలుతది, చలికాలం కొరుకుతది,
ఎన్ని చేతులు పట్టుకున్నయో నున్నగైంది.
పట్టుకోని నిలబడుత.
ఇది కడ్డీ. ఇది నా చెయ్యి.
బయట పత్తి చేను. దాని మీద పొద్దు.
ఇంతే ఇప్పటికి.

దిగుతదని మాత్రం మాటియ్య.
కొన్ని రాత్రులు నా ఎనుకనే ఇంటిదాక వస్తది,
చెప్పులు నా చెప్పుల పక్కనే విడుస్తది.

నిన్న డిపోల లెక్క చూస్తే
ఏడు రూపాలు తక్కువ.
నా కీసలకెళ్లి వేసిన.
గుండె దడదడ కొట్టింది. కొట్టనీ అన్న.
మణికట్లు తడుపుకుందామని నల్ల తిప్పితే
నీళ్లు లెవ్వు,
ఉత్త గాలి బుసబుస వచ్చింది
లోపలిది పొట్టిగ, బయటిది పొడుగుగ.

నవ్వొచ్చింది నాకు.
ఏమైందని అడగకుండనే కొమురెల్లి
తన సీసల నీళ్లు నా చేతుల మీద పోసిండు.